మోకాలి నొప్పి వల్ల ఈసారి పరుగెత్తలేను. రేసుకు వాలంటీర్‌గా వెళ్తే ఏం పని ఇస్తారు? అనుభవం లేకపోయినా పర్వాలేదా?

అనుభవం అక్కర్లేదండి. నేను పరుగెత్తిన రేసులకన్నా వాలంటీర్ టీషర్ట్ వేసుకుని నిలబడ్డవే ఎక్కువ, ఆ ధైర్యంతో చెబుతున్నాను. పనులేవీ కష్టమైనవి కావు. ఇచ్చిన చోటును చివరి రన్నర్ వెళ్లేదాకా వదలకుండా ఉండగలరా అన్నదొక్కటే చూసుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి హుషారుగా వచ్చి, సెల్ఫీలు దిగి, ఎండెక్కగానే మెల్లగా జారుకునేవాళ్లు ప్రతి రేసులోనూ ఉంటారు. వాళ్ల పనంతా మిగిలిన ఇద్దరు ముగ్గురి నెత్తిన పడుతుంది.

కొత్తవాళ్లను ఎక్కువగా వేసేది నీళ్ల టేబుల్ దగ్గర. కప్పుల్లో నీళ్లు పోయడమే కదా అనిపిస్తుంది గానీ దానికీ ఓ పద్ధతుంది. కప్పు నిండా పోయకూడదు, సగానికి కాస్త పైన చాలు. నిండు కప్పును పరుగులో అందుకుంటే నోట్లోకి వెళ్లేది తక్కువ, చొక్కా మీద పడేది ఎక్కువ. టేబుల్ నిండా ఒక వరస పేర్చాక దాని మీద అట్టముక్క పరిచి పైన ఇంకో వరస పెట్టుకోండి. రన్నర్లు ఒక్కొక్కరుగా రారు, గుంపుగా వచ్చి పడతారు. అప్పుడు పోయడానికి తీరిక దొరకదు. ఇచ్చేటప్పుడు కప్పును గుప్పిట్లో బిగించకుండా పైఅంచును రెండు వేళ్లతో పట్టుకుని, చేయి చాచి, వాళ్లు పరుగెత్తే వైపే చేతిని కొంచెం కదిపితే జారకుండా అందుతుంది. ఇస్తున్నది నీళ్లో ఎనర్జీ డ్రింకో గట్టిగా అరిచి చెప్పాలి. తల మీద పోసుకుందామని తీసుకున్న మనిషికి తీపి నీళ్లు తగిలితే వినాల్సి వచ్చే మాటలు ఇక్కడ రాయలేను. అందరూ మొదటి టేబుల్ మీదే ఎగబడతారు కాబట్టి ఒకరు అక్కడే నిలబడి ముందు ఇంకా టేబుళ్లున్నాయని చెబుతుండాలి. తొక్కేసిన తడి కప్పుల మీద కాలు జారుతుంది, చీపురు పట్టుకునే మనిషి కూడా తప్పనిసరి.

నా లెక్కలో నీళ్ల టేబుల్‌కు అసలు పరీక్ష చివర్లోనే. ముందు వరసలోవాళ్లు చాలామంది కప్పు ముట్టుకోకుండానే దూసుకుపోతారు. ఎక్కువసేపు ఎండలో ఉండేది వెనక వచ్చేవాళ్లు. వాళ్లు చేరేసరికి ఖాళీ అట్టపెట్టెలు కనిపించడం కన్నా అన్యాయం ఇంకోటి లేదు. కాబట్టి మొదట్లోనే వాళ్ల వంతు పక్కన పెట్టేయండి. అలాగని తాగండి తాగండి అని వెంటపడకూడదు. 2002 బోస్టన్ మారథాన్‌లో ముగింపు గీత దగ్గర పరీక్షకు రక్తం ఇచ్చిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం, అంటే ఉప్పు, ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉంది. పరుగులో మరీ ఎక్కువగా తాగి బరువు పెరిగినవాళ్లలో, నాలుగు గంటలు దాటినవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. దాహమైతే వాళ్లే తీసుకుంటారు. ఎవరైనా తూలుతూ, అడిగినదానికి పొంతన లేకుండా జవాబు చెబుతుంటే ఇంకో కప్పు చేతిలో పెట్టకుండా వెంటనే మెడికల్ టీమ్‌ను పిలవండి.

మలుపు దగ్గర మార్షల్‌గా, అంటే దారి చూపించే మనిషిగా వేశారనుకోండి, బోర్‌గా అనిపించే డ్యూటీ అదే, బాధ్యత ఎక్కువా దానికే. 2013లో ఇంగ్లండ్‌లోని సండర్‌ల్యాండ్‌లో జరిగిన ‘మారథాన్ ఆఫ్ ది నార్త్’లో రెండో స్థానంలో ఉన్న రన్నర్ ఒకచోట దారి తప్పాడు. వెనకాల వస్తున్న వేలమంది అతని వెంటే వెళ్లారు. అందరూ 264 మీటర్లు తక్కువ పరుగెత్తారని తర్వాత తేలింది. పూర్తి దూరం పరుగెత్తింది మొదట వచ్చినాయన ఒక్కడే! మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. ఆ దూరం తగ్గకూడదనే సైకిల్ చక్రానికి కౌంటర్ బిగించి కోర్సు కొలిచేటప్పుడు కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున అదనంగా కలుపుతారు. అందుకని యూటర్న్ దగ్గర పెట్టిన కోన్‌ను నీడలోకి జరుపుదామని ఎవరైనా సలహా ఇస్తే అస్సలు ఒప్పుకోకండి.

నిలబడటం కూడా మలుపు మూలన కాదు, వెళ్లకూడని దారికి అడ్డంగా. అలసిపోయిన మనిషి చూపు నేల మీదే ఉంటుంది, బోర్డులు చదవడు. ఇరవై అడుగుల ముందే కేకేసి, వేలితో కాకుండా మొత్తం చేయి చాచి చూపించాలి. రోడ్డు దాటనివ్వమని వాహనాలవాళ్లు గొడవకు దిగితే వాదన పెట్టుకోకండి, రన్నర్ల మధ్య ఖాళీ చూసి పంపించేయండి. మీరున్నది ఎన్నో కిలోమీటరు దగ్గరో ముందే గుర్తుపెట్టుకోండి. ఎవరైనా పడిపోయినప్పుడు ఫోన్‌లో ‘ఇక్కడే, చెట్టు పక్కన’ అంటే అంబులెన్స్‌కు ఏం అర్థమవుతుంది?

అన్నట్టు, ‘ఇంకెంత దూరం?’ అని అడిగితే ‘అయిపోవచ్చింది’ అనకండి. మూడు కిలోమీటర్లు ఉంటే మూడు అనే చెప్పండి. వచ్చేసిందనుకుని శక్తంతా పెట్టేసిన మనిషికి తర్వాతి మలుపులో ముగింపు కనిపించకపోతే మీ మీద వచ్చే కోపం న్యాయమైనదే.

ముగింపు గీత దగ్గర డ్యూటీ కోసం అందరూ పోటీపడతారు, మెడల్ మెడలో వేయొచ్చని. నిజానికి అక్కడ మెడల్ కన్నా ముఖ్యం మనుషుల్ని నడిపిస్తూ ఉండటం. గీత దాటగానే టక్కున ఆగిపోతే రక్తం కాళ్లలోనే నిలిచి, బీపీ పడిపోయి, కళ్లు తిరుగుతాయి. ఇంకోటి, టైమ్ నమోదు చేసే టైమింగ్ చిప్ చాలా రేసుల్లో బిబ్ (చొక్కాకు గుచ్చుకునే నంబరు కాగితం) వెనకే అంటించి ఉంటుంది. మిగిలిపోయిన బిబ్‌ల పెట్టెను ఆ చిప్‌లను చదివే టైమింగ్ మ్యాట్ దగ్గర పెడితే, ఇంట్లో నిద్రపోతున్నవాళ్లు కూడా రేసు పూర్తి చేసినట్టు నమోదయ్యే ప్రమాదం ఉంది. రన్నర్లు తమ బ్యాగులు వదిలివెళ్లే కౌంటర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నంబర్ల వరస తప్పకుండా పెట్టుకుంటే సుఖం, లేదంటే ఆఖరి గంట నరకం.

మీ మోకాలికి మాత్రం ముందురోజు బిబ్‌లు ఇచ్చే కౌంటరే సరైనది. కూర్చుని చేసే పని, పైగా నీడ. బిబ్‌కు నాలుగు పిన్నీసులు చొప్పున ముందే గుచ్చి ఉంచుకుంటే క్యూ సగం తగ్గిపోతుంది. పేరు కాకుండా నంబరు అడగండి, ఒకే పేరుతో చాలామంది ఉంటారు. టీషర్ట్ సైజు మార్చమని అడిగేవాళ్లను ‘రేసు అయ్యాక మిగిలితే చూద్దాం’ అని నవ్వుతూ పంపేయండి, లేకపోతే సాయంత్రానికి మీడియం ఒక్కటీ మిగలదు. ‘మా ఫ్రెండ్ రావట్లేదు, తన బిబ్ నాకివ్వండి’ అనేవాళ్లు తప్పకుండా వస్తారు. వాళ్ల దగ్గర మొహమాటపడకండి. ఫలితాల్లో వయసు కేటగిరీ తారుమారవడం ఒక్కటే కాదు, ఆ మనిషి దారిలో స్పృహ తప్పితే బిబ్ నంబర్ పట్టుకుని ఆసుపత్రివాళ్లు ఫోన్ చేసేది ఇంకెవరి ఇంటికో.

రిజిస్ట్రేషన్ ఫారంలో ‘ఏ పనైనా సరే’ అని రాస్తే మాత్రం మిమ్మల్ని మలుపు దగ్గరే నిలబెడతారు. ఎక్కువసేపు నిలబడలేనని, ముందురోజు రాగలనని రాసి, కోఆర్డినేటర్‌కు ఒకసారి ఫోన్ కూడా చేయండి. ముందురోజు సెలవు పెట్టుకుని వచ్చే వాలంటీర్లు తక్కువ, కాబట్టి వాళ్లు కాదనరు.