పై పొర గీకి మళ్లీ చూడండి

బూడిద రంగు పార్మోట్రీమా (ఆకుల్లా పరుచుకునే ఒక రకం లైకెన్) మీద బ్లీచ్ చుక్క వేస్తే రంగు మారలేదు, అయితే ఇది టింక్టోరమ్ అనే జాతి కాదా అని అడిగారు కదా, మీరు చుక్క వేసింది పై పొర మీదండీ. బ్లీచ్‌కి ఎర్రబడే లెకనోరిక్ ఆమ్లం ఉండేది దాని కింద, మెడుల్లా అనే తెల్లటి లోపలి పొరలో. బ్లేడుతో పైపైన గీకి, కొత్తగా తెరిచిన బ్లీచ్‌తో (సీసా పాతదైతే బలం తగ్గిపోతుంది) లెన్స్‌లోంచి చూస్తూనే చుక్క వేయండి, టింక్టోరమ్ అయితే ఎరుపు వచ్చి క్షణాల్లో పోతుంది. వచ్చినంత మాత్రాన అయిపోలేదు, ఆస్ట్రోసైనెన్స్ అనే మరో పార్మోట్రీమాకీ అదే ఎరుపు. స్టీరియో మైక్రోస్కోప్ కింద పైన సన్నటి మొనల్లా పొడుచుకొచ్చిన ఇసిడియాలుంటే టింక్టోరమ్, అంచుల్లో పిండిలాంటి సొరీడియాలుంటే ఆస్ట్రోసైనెన్స్. బ్లీచ్‌కి కదలకుండా, కేఓహెచ్‌కి (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం) మెడుల్లా పసుపై తర్వాత ఎర్రబడితే సలజినిక్ ఆమ్లం, అప్పుడు రెటిక్యులేటమ్ అనే ఇంకో జాతి వైపు చూడండి. దీనికి టీఎల్‌సీ (లైకెన్ ఆమ్లాలను విడదీసి చూసే ల్యాబ్ పరీక్ష) టెన్షన్ అక్కర్లేదు. స్పోర్ల కోసం వెతకడమైతే దండగ, టింక్టోరమ్‌లో స్పోర్లు పుట్టే అపొథీసియాలు అరుదు.