సర్టిఫికెట్ గోడకుంది, ఫార్మసిస్టు ఎక్కడ?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా మెడికల్ షాపుల గురించే. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనదాన్ని కాబట్టి జవాబుల్లో కాస్త తనిఖీ వాసన వస్తుంది, సర్దుకోండి.

నమస్తే మేడమ్. డీఫార్మసీ పాసై రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. ప్రస్తుతం ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో ఉద్యోగం. మా బాబాయి స్నేహితుడు మెడికల్ షాపు పెడుతూ నా సర్టిఫికెట్ అడుగుతున్నారు. నేను షాపుకు రానక్కర్లేదట, నెలనెలా డబ్బు అకౌంట్‌లో వేస్తారట. అందరూ ఇస్తున్నదే కదా అంటున్నారు. ఇవ్వమంటారా?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

ఇవ్వొద్దు బాబూ. 'అందరూ ఇస్తున్నదే' అన్న మాట నేను సర్వీసంతా విన్నాను. దొరికిన రోజున ఆ అందరిలో ఒక్కరూ పక్కన నిలబడరు.

అసలు లెక్క చెబుతాను. రిటైల్ షాపుకు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ ఫారం 20, ఫారం 21 లైసెన్సులిస్తుంది. వాటి కోసం నీ పేరు, నీ రిజిస్ట్రేషన్ నంబరు శాఖ రికార్డుల్లోకి ఎక్కుతాయి. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూల్ ప్రకారం, డాక్టరు చీటీ మీద ఇచ్చే ప్రతి మందూ రిజిస్టరైన ఫార్మసిస్టు స్వయంగా ఇవ్వాలి, లేదా అతని కళ్లెదుట ఇవ్వాలి. బిల్లులో డాక్టరు పేరు, రోగి పేరు, మందు, కంపెనీ, బ్యాచ్ నంబరు రాశాక కింద ఫార్మసిస్టు సంతకం ఉండాలి. నువ్వు షాపుకే వెళ్లనప్పుడు ఆ సంతకం ఎవరు పెడతారు? అయితే వాళ్లు నీ సంతకం దొంగపెట్టాలి, లేదంటే నువ్వు ఆదివారం పూట వచ్చి వారానికి సరిపడా గీకి వెళ్లాలి.

ఒకచోట తనిఖీలో బిల్లు బుక్కు తిరగేస్తుంటే, ఇంకా రాయని బిల్లుల మీద కూడా సంతకాలున్నాయి. తేదీ లేదు, రోగి పేరు లేదు, మందు పేరు లేదు. కింద మాత్రం ముద్దుగా సంతకం. పైగా కార్బన్ కాపీల మీద కూడా పెన్నుతోనే పెట్టి ఉంది! కౌంటర్‌లో ఉన్న కుర్రాణ్ని 'ఫార్మసిస్టు గారెక్కడ?' అంటే 'ఇప్పుడే టీకి వెళ్లారండీ' అన్నాడు. ఫోన్ చేయించాం. టీకి వెళ్లినాయన వేరే జిల్లాలో ఒక కాలేజీలో క్లాసు చెబుతున్నాడు. ఇప్పుడు కంప్యూటర్ బిల్లులొచ్చాయి గానీ సంతకం అవసరం ఎక్కడికీ పోలేదు. నీ సంగతి ఇంకా సులువు. కంపెనీలో నీ హాజరు, షాపులో నీ సంతకం పక్కపక్కన పెడితే చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక శిక్షల సంగతి. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ కానివాళ్లు డాక్టరు చీటీ మీద మందులివ్వడం నేరం. దానికి పాత జరిమానా వెయ్యి రూపాయలు. కొందరు యజమానులు దాన్ని ఖర్చుల ఖాతాలో రాసుకునేవాళ్లు. 2023లో వచ్చిన జన్ విశ్వాస్ చట్టం జైలు గరిష్ఠ పరిమితిని ఆరు నెలల నుంచి మూడు నెలలకు తగ్గించి, జరిమానాను రెండు లక్షల దాకా పెంచింది. జైలు తగ్గిందని సంతోషించేవాళ్లకు రెండు లక్షలంటే ఎంతో తెలియదనుకోవాలి. కౌంటర్‌లో నిలబడ్డ కుర్రాడికి ఆ సెక్షనైతే, నీకు 36వ సెక్షన్. వృత్తికి తగని పని చేశావని విచారణలో తేలితే రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టర్‌లోంచి నీ పేరు తీసేయొచ్చు. షాపు లైసెన్సు సస్పెండైతే యజమాని ఇంకో షాపు పెట్టుకుంటాడు. నీకు రెండో డిప్లొమా ఎక్కడినుంచి వస్తుంది?

బీహార్ నుంచి వచ్చిన ఒక కేసులో 2022 నవంబరులో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. నకిలీ ఫార్మసిస్టులతో, లేదా ఫార్మసిస్టే లేకుండా ఆసుపత్రులు, మందుల షాపులు నడవకుండా చూసే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదీ, రాష్ట్ర కౌన్సిల్‌దీ అంది. తనిఖీలకు వచ్చేవాళ్ల చేతిలో ఇప్పుడు ఆ తీర్పు కూడా ఉంది.

షాపు పని మీద నీకు నిజంగా మనసుంటే కంపెనీ మానేసి, రోజంతా కూర్చునే ఫార్మసిస్టుకు తగిన జీతం అడుగు. ఆ మాటతో బాబాయి స్నేహితుడి ఉత్సాహం ఎంతో తేలిపోతుంది. ఒకవేళ జిరాక్సులు ఇచ్చేసి ఉంటే, ఆ షాపులో నేను పని చేయడం లేదని మీ జిల్లా ఔషధ నియంత్రణ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, స్టాంపు వేయించుకున్న కాపీ దాచుకో. ఫోన్‌లో చెప్పిన మాట రికార్డుకెక్కదు.

మేడమ్ గారూ, నేను షాపు ఓనర్ని, ఫార్మసిస్టును కాను. మా ఫార్మసిస్టు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తారు. ఆ గంటసేపు షట్టర్ దించేయాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

షట్టర్ దించక్కర్లేదండి. 42వ సెక్షన్ మాట్లాడేది డాక్టరు చీటీ మీద ఇచ్చే మందుల గురించి. ఆ గంటలో పసిపిల్లల సబ్బు, డైపర్లు, దూది అమ్ముకోండి. చీటీ పట్టుకొచ్చినవాళ్లకు ఆయన ఎన్నింటికి వస్తారో చెప్పండి. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్, హెచ్ వన్ మందుల అరల జోలికి మీరు గానీ మీ కుర్రాడు గానీ వెళ్లొద్దు. వీలైతే ఆయన క్యారియర్ షాపుకే తెప్పించండి. అన్నిటికన్నా చవకైన దారి అదే.

మేడమ్, నేను ఫార్మసిస్టుని. చీటీలో డాక్టరు ఒక బ్రాండు రాస్తారు, మా దగ్గర అదే మందు, అదే డోసు వేరే కంపెనీది ఉంటుంది. ధర కూడా తక్కువే. ఇస్తే తప్పా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

షెడ్యూల్ హెచ్ మందైతే తప్పేనమ్మా. 65(11ఎ) రూల్ ప్రకారం చీటీలో ఉన్నదానికి బదులు ఇంకొకటి ఇవ్వకూడదు. అందులో అదే ఔషధం ఉన్నా సరే. ఈ రూల్ నాకు నచ్చదని ఉద్యోగంలో ఉండగా అనలేకపోయాను, ఇప్పుడంటున్నాను. ఒక పక్క జనఔషధి కేంద్రాలు పెట్టి జెనరిక్స్ (బ్రాండు పేరు లేకుండా అసలు పేరుతో అమ్మే మందులు) వాడమని ప్రచారం చేస్తూ, ఇంకో పక్క ఏళ్ల తరబడి మందుల గురించే చదివిన అమ్మాయిని కంపెనీ పేరు కూడా మార్చనివ్వకపోవడం ఏం న్యాయం? డాక్టర్లు జెనరిక్ పేర్లే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చింది, అదే నెలలో పక్కన పెట్టేసింది. బంతి మళ్లీ మీ కౌంటర్‌లోనే పడింది.

రూల్ మారేదాకా మీరు చేయగలిగింది ఇంతే: చీటీలో మందు అసలు పేరే ఉంటే ఏ కంపెనీదైనా ఇవ్వండి. బ్రాండే రాసి ఉంటే డాక్టరుకు ఫోన్ చేసి, చీటీ మార్చి రాయించుకు రమ్మని పంపండి. దగ్గర్లో ఉన్న డాక్టర్లతో ఒకసారి కూర్చుని మీ దగ్గర దొరికే వాటి జాబితా ఇస్తే రోజూ ఈ తలనొప్పి ఉండదు.

అమ్మా, నిరుడు నాకు దగ్గు, జ్వరం వస్తే డాక్టరు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ రాశారు. మొన్న మళ్లీ అలాగే ఉంటే ఆ చీటీయే తీసుకెళ్లాను. ఎన్నాళ్లుగానో తెలిసిన షాపాయన ఇవ్వనన్నాడు, పైగా నా అడ్రసు అడిగాడు! ఇదేం పద్ధతి?
– ఒక పెద్దాయన, రాజమండ్రి

షాపాయన మీద కోపం వద్దండి, మంచి పని చేశాడు. మళ్లీ ఇవ్వొచ్చని డాక్టరు రాయకపోతే ఒక చీటీకి మందు ఒక్కసారే ఇవ్వాలి. నిరుడు ఇచ్చినప్పుడే దాని మీద షాపు పేరు, తేదీ వేసి ఉండాలి, తీసి చూడండి. సెఫిక్సిమ్ హెచ్ వన్ మందు. 2014 మార్చి 1 నుంచి ఈ రకం మందులకు వేరే రిజిస్టరుంది. రాసిన డాక్టరు పేరు, అడ్రసు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది అందులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. మీ అడ్రసు అడిగింది బిల్లు కోసం, చీటీ మీద ఇచ్చే మందు బిల్లులో రోగి అడ్రసు కూడా రాయాలి. అన్ని దగ్గులూ, జ్వరాలూ ఒకటి కావు. డాక్టరుకు చూపించుకోండి.

మేడమ్, పెళ్లికి ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, హైదరాబాద్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఇప్పుడు గుంటూరులో షాపు పెట్టుకుందామనుకుంటున్నాను. పాత సర్టిఫికెట్ పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

అలాగే పట్టుకెళ్తే పని జరగదమ్మా. 2014 జూన్ 2 తర్వాత రెండు రాష్ట్రాలకు రెండు కౌన్సిళ్లు. నివాసమో వ్యాపారమో ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర రిజిస్టర్‌లో పేరుండాలి. అంటే ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. అంతకన్నా ముందు పాత రిజిస్ట్రేషన్ బతికుందో లేదో కనుక్కోండి. రెన్యూవల్ ఫీజు కట్టకపోతే పేరు తీసేస్తారు. ఫీజు కట్టి మళ్లీ చేర్పించుకునే వీలుంది, భయం లేదు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం ఐదేళ్లలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులకు హాజరవ్వాలి కాబట్టి దగ్గర్లో ఎక్కడ జరుగుతున్నాయో ఇప్పుడే చూసుకోండి.

షాపు గది పది చదరపు మీటర్లకు తగ్గకూడదు, అద్దె ఒప్పందం రాసుకోకముందే టేపు పెట్టి కొలవండి. లైసెన్సు రెన్యూవల్ తంతు మీ రోజుల్లోలా లేదు. 2017 అక్టోబరు సవరణ తర్వాత ఐదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు కడితే అదే లైసెన్సు కొనసాగుతుంది. ఇంకొకటి, పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఉంటుంది. డిప్లొమాలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకొక పేరు ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. దరఖాస్తుతో పాటే పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జత చేయండి.