లేవీయకాండం దగ్గర ఆగిపోయిన బైబిలు పఠనం

ఏడాదిలో బైబిలంతా చదవాలని మొదలుపెట్టి లేవీయకాండం దగ్గర ఆగిపోయానని, విశ్వాసం చల్లారిందేమోనని అడిగారు. మీ విశ్వాసం చల్లారలేదు బ్రదర్, లెక్క తప్పింది. జనవరి 1న మొదలుపెట్టి రోజుకు మూడు అధ్యాయాలు చదివితే ఆదికాండం 50, నిర్గమకాండం 40 నెలాఖరుకు అయిపోతాయి. ఆ వెంటనే లేవీయకాండం, మొదట్లోనే బలుల విధులు. గాజువాకలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి నిద్రకళ్లతో అవి మూడేసి చదవబోతే ఎవరి పఠనమైనా ఆగుతుంది.

1. తప్పిపోయిన అధ్యాయాల బకాయి వదిలేయండి. ఏడాదిలో పూర్తి చేయాలని ఏ వచనమూ చెప్పలేదు.

2. రోజుకు ఒక్క అధ్యాయం చాలు. లేవీయకాండంలో ముందు 19వది తెరవండి.

3. చాలామంది వదిలేసేది ఇక్కడే: చదివి, టిక్కు పెట్టి, మూసేస్తారు. మూసే ముందు అందులోంచి ఈ రోజే చేయగల ఒక పని కాగితం మీద రాయండి. 13వ వచనం చూడండి, కూలివాని కూలి తెల్లవారేదాకా మన దగ్గర ఉంచుకోకూడదు. మీ ఇంట్లో పని చేసే ఆమెకు ఈ నెల జీతం ఇచ్చారా? లేదంటే ఇవాళ్టి ధ్యానం అదే. 'ఇంకా ప్రేమగా ఉండాలి' అని మాత్రం రాయకండి. సాయంత్రానికి చేశారో లేదో తేలే పనై ఉండాలి. పొరుగువాని ప్రేమించమని మార్కు 12లో యేసు ఎత్తి చెప్పిన ఆజ్ఞ కూడా ఇదే అధ్యాయంలో, 18వ వచనంలో ఉంది.

4. షిఫ్టు మారినా చెదరకుండా, చదివే వేళను గడియారానికి కాక భోజనానికి ముడిపెట్టండి.

5. తర్వాత 16వ అధ్యాయం. ఆ రోజు కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయం కూడా పక్కన పెట్టుకుంటే బలుల సంగతి అర్థమవుతుంది.