ఆటోక్యాడ్ ప్లాన్ ఈట్యాబ్స్‌లోకి తెస్తే 5 మీటర్ల బీమ్ 5000 మీటర్లు ఎందుకవుతుంది?

ఆటోక్యాడ్ నుంచి ఈట్యాబ్స్‌కు (బిల్డింగ్ స్ట్రక్చర్ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) డ్రాయింగ్‌ను తీసుకెళ్లే డీఎక్స్‌ఎఫ్ ఫైల్‌లో గీత పొడవు 5000 అనే అంకెగా ఉంటుంది. అది మిల్లీమీటర్లా, మీటర్లా అన్నది ఇంపోర్ట్ చేసేటప్పుడు మీరు ఎంచుకున్న యూనిట్‌ను బట్టి తేలుతుంది. మిల్లీమీటర్లలో గీసినదాన్ని మీటర్లుగా తెస్తే బిల్డింగ్ వెయ్యి రెట్లు పెరుగుతుంది. మన దగ్గర చాలా ఇళ్ల ప్లాన్లు అడుగులు, అంగుళాల్లోనే వస్తాయి. అంగుళాల డ్రాయింగ్‌ను మిల్లీమీటర్లుగా తెస్తే 25.4 రెట్లు చిన్నదవుతుంది. అంటే తేడా ఎన్ని రెట్లో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

డైమెన్షన్ మీద రాసి ఉన్న అంకెను మాత్రం నమ్మకండి, దాన్ని చేత్తో మార్చి ఉండొచ్చు. ఆటోక్యాడ్‌లో డిస్ట్ కమాండ్‌తో రెండు కాలమ్‌ల మధ్య దూరం కొలవండి. అసలు ఉండాల్సిన దూరానికి తేడా ఉంటే స్కేల్ కమాండ్‌తో అక్కడే సరిచేయండి. ఈట్యాబ్స్‌లోకి వచ్చాక సరిచేయడం అనవసరమైన టెన్షన్.

మోడల్ తెర మీద ఎక్కడో చుక్కలా కనిపిస్తే డ్రాయింగ్ ఆరిజిన్‌కు (0,0,0 బిందువుకు) దూరంగా ఉండొచ్చు. గ్రిడ్‌లో (కాలమ్‌ల వరుసలను చూపే గీతల్లో) ఒక మూలను 0,0,0కి జరపండి.

కొన్ని గీతలు రాకపోతే అవి బ్లాకుల్లోనో (ఒకే వస్తువుగా కట్టిన గీతల గుంపు), పాలీలైన్లుగానో (ఒకటిగా కలిపిన గీతలు) ఉండొచ్చు. ఎక్స్‌ప్లోడ్ కమాండ్‌తో విడి గీతలుగా చేసి, ఓవర్‌కిల్ కమాండ్‌తో డూప్లికేట్లు తీసేయండి. ఒకే చోట రెండు గీతలుంటే రెండు బీమ్‌లు వచ్చే ప్రమాదం ఉంది, అప్పుడు ఆ బీమ్ సెల్ఫ్ వెయిట్ (సొంత బరువు) కూడా రెట్టింపవుతుంది. గోడలు, తలుపులు, హ్యాచ్‌లు (లోపల నింపే గీతల డిజైన్లు) వదిలేసి బీమ్ సెంటర్ లైన్లను వేరే లేయర్‌లో పెట్టి, ఆ లేయర్‌నే ఇంపోర్ట్ చేయండి.