మహిళల, బాలల హక్కుల ఒప్పందాలపై మన దేశ నివేదికను ఎవరు రాస్తారు? అందులో సరిహద్దు ఊళ్ల మాట చేరుతుందా?

మహిళల, పిల్లల హక్కుల ఒప్పందాలపై భారతదేశం ఐక్యరాజ్యసమితికి పంపే నివేదికను ఎవరు తయారుచేస్తారు, దాన్ని ఎవరు సరిచూస్తారు, మనలాంటి సరిహద్దు ఊళ్ల సంగతి అందులోకి వెళ్తుందా అని మీరు అడిగారు. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పిల్లల హక్కులపై పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చాలాకాలంగా ఉన్నాను. ఐక్యరాజ్యసమితి కమిటీ 2014లో చేసిన సమీక్షకు ముందు, ప్రభుత్వ నివేదికకు పక్కన తమ మాట కూడా వినిపించాలని సంస్థలు కలిసి రాసిన ప్రత్యామ్నాయ నివేదిక కోసం గజపతి జిల్లా గ్రామాల వివరాలు సేకరించి పంపినవారిలో నేనూ ఉన్నాను కనుక, తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

నివేదికను రాసేది ప్రభుత్వమే. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ ఇతర శాఖల నుంచి, రాష్ట్రాల నుంచి సమాచారం తెప్పించుకుని దాన్ని కూర్చుతుంది. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందంలో భారత్ 1992 డిసెంబరులో చేరింది. దాని 44వ అధికరణం ప్రకారం మొదటి నివేదిక రెండేళ్లలో, ఆపైన ప్రతి ఐదేళ్లకు ఒకటి ఇవ్వాలి. 1979 నాటి మహిళా వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని (సీడా) 1993 జులైలో ధ్రువీకరించింది. అక్కడ మొదటిది ఏడాదిలో, తర్వాత నాలుగేళ్లకొకటి. గడువులు దాటిపోవడంతో రెండేసి నివేదికలను కలిపి ఇవ్వడం పరిపాటి అయింది. 2014లో జెనీవాలో సమీక్షకు వచ్చినవి అలాంటివే: బాలల ఒప్పందంపై మూడో, నాలుగో నివేదికలు కలిపి, సీడాపై నాలుగో, ఐదో నివేదికలు కలిపి.

ఒక్కో ఒప్పందం అమలును సరిచూడటానికి ఐక్యరాజ్యసమితిలో ఒక్కో కమిటీ ఉంది. నివేదిక అందాక ఆ కమిటీ తన సందేహాలను ప్రశ్నల జాబితాగా పంపుతుంది, ప్రభుత్వం రాతపూర్వకంగా జవాబిస్తుంది, ఆ తర్వాత ప్రభుత్వ ప్రతినిధి బృందం కమిటీ ఎదుట కూర్చుని సమాధానాలు చెబుతుంది. బాలల కమిటీలో 18 మంది, సీడా కమిటీలో 23 మంది స్వతంత్ర నిపుణులు ఉంటారు. చివర్లో వాళ్లు ఇచ్చే ముగింపు పరిశీలనలకు కోర్టు తీర్పుకున్న బలం లేదు, శిక్ష అంటూ ఏమీ ఉండదు. అయినా తర్వాతి నివేదికలో ఆ సిఫార్సులపై ఏం చేశారో చెప్పాల్సి రావడం వల్ల అవి మన చేతికి పనిముట్టుగా దొరుకుతాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రభుత్వ నివేదికలో అంకెలు ఎక్కువగా దేశానికంతటికీ, లేదా రాష్ట్రాల వారీగా ఉంటాయి, సరిహద్దు పిల్లలు జారిపోయేది సరిగ్గా అక్కడే. పేరు, జాతీయత పొందే హక్కుతో పాటు పుట్టిన వెంటనే నమోదయ్యే హక్కును కూడా ఒప్పందం 7వ అధికరణం ఇచ్చింది. మన ఇళ్లలో ఆడపిల్ల మొదటి పురిటికి కన్నవారింటికి వెళ్తుంది. పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు కోడళ్లలో చాలామందికి ఆ కన్నవారిల్లు పాతపట్నం వైపు, అంటే ఆంధ్రలో ఉంటుంది. చట్టం ప్రకారం జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి, 21 రోజుల్లో తెలియజేయాలి. ఆ గడువు జారితే, అప్పటికి తల్లీబిడ్డలు ఒడిశాలోని అత్తవారింట్లో ఉంటారు. ఇక్కడి కార్యాలయం అక్కడికి వెళ్లమంటుంది, అక్కడివాళ్లు ఇక్కడి చిరునామా చూసి ఇంకో కాగితం అడుగుతారు.

ఒక తల్లి ప్లాస్టిక్ కవరులో రేషన్ కార్డుతో పాటు దాచుకున్న ఆసుపత్రి డిశ్చార్జి చీటీని నాకు చూపించింది. దాని మీద ‘బేబీ ఆఫ్’ అని, పక్కన ఆమె పేరు మాత్రమే ఉన్నాయి. బిడ్డ బడికి వెళ్లే వయసు వచ్చినా అంతకు మించిన కాగితం ఆ ఇంట్లో లేదు. సర్టిఫికెట్ ఉన్నవారికీ చిక్కు తప్పదు: ఆంధ్రలో ఇంటిపేరు ముందు రాస్తారు, ఇక్కడి బడి రిజిస్టరులో అది చివరికి వెళ్తుంది, రెండూ ఒకరే అని అఫిడవిట్ చేయించడానికి కూలి పని మానుకుని తిరగాలి. ఈ బిడ్డ రాష్ట్ర సగటులో కనిపించడు. అందుకే మేము పంపిన కాగితంలో నమోదు శాతం గురించి వాదించకుండా, పుట్టిన రాష్ట్రం, ఉంటున్న రాష్ట్రం వేరైన పిల్లలను విడిగా లెక్కించాలని కోరాం. ఆ ఏడాది కమిటీ పరిశీలనల్లో జనన నమోదు, విడదీసిన గణాంకాలు (మొత్తం సగటుగా కాక వర్గాలవారీగా విడిగా ఇచ్చే లెక్కలు) రెండూ ఉన్నాయి. అవి మా కాగితం వల్లే వచ్చాయని నేను చెప్పను. ఎన్నో సంస్థలు అదే అడిగాయి.

సీడా విషయంలోనూ ఇలాంటి ఖాళీ ఒకటుంది. వివాహ నమోదును తప్పనిసరి చేయాలన్న 16(2) అధికరణం సూత్రాన్ని సమర్థిస్తూనే, ఇంత విశాలమైన దేశంలో అది ఆచరణసాధ్యం కాదని భారత్ ధ్రువీకరణ సమయంలోనే ప్రకటన చేసింది. వివాహాలన్నీ నమోదు కావాలని 2006లో సుప్రీంకోర్టు ఆదేశించినా, హద్దుకు ఒక పక్క పెళ్లి, ఇంకో పక్క కాపురం అయినప్పుడు వధువు వయసు ఏ రిజిస్టరులోనూ చేరని సందర్భాలు నేను చూశాను.

మీరు చేయగలిగినది ఉంది. ప్రభుత్వాలు తమ నివేదికలను ప్రజలకు విస్తృతంగా అందుబాటులో ఉంచాలని బాలల ఒప్పందం 44వ అధికరణమే చెబుతోంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం వెబ్‌సైటులో అవి, పాత పరిశీలనలు దొరుకుతాయి. ముందు పరిశీలనలు చదివి, మీ ఊరికి వర్తించే ఒక్క పేరా ఎంచుకోండి. దానికి సంబంధించిన సంఘటనలను తేదీ, పంచాయతీతో సహా, పిల్లల పేర్లు బయటపెట్టకుండా రాసిపెట్టుకుని, ప్రత్యామ్నాయ నివేదిక రాసే కూటమికి ప్రశ్నల జాబితా తయారుకాకముందే అందించండి. ఆ తర్వాత పంపితే కమిటీ ప్రశ్నల్లో దానికి చోటు దొరకడం కష్టం.