క్యాజువల్, హార్డ్‌కోర్: ముద్ర ఆటకా, ఆడేవారికా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటికి వేరు ఒక్కటే: ఎవరు క్యాజువల్ (తేలిగ్గా, సరదాకు ఆడేవారు), ఎవరు హార్డ్‌కోర్ (ఆటను గట్టిగా పట్టించుకునేవారు) అన్న తగువు. అందుకే వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాలుగేళ్లుగా రోజూ రెండు గంటలు ఫోన్‌లో టెట్రిస్ ఆడుతున్నాను. మా మరిది వారానికి ఒకరోజు కన్సోల్‌లో షూటింగ్ గేమ్ ఆడతాడు. తను హార్డ్‌కోర్ గేమర్ అట, నేను క్యాజువల్ అట. ఇది ఏ లెక్కన?

జవాబు: ఏ లెక్కనా కాదు. ఆడే పరికరాన్ని, ఆట బొమ్మల తీరును చూసి అలా అనడం జనానికి అలవాటైపోయింది.

ఈ రెండు మాటలూ పాతవే. తగువు ముదిరింది మాత్రం 2006లో నింటెండో వీ వచ్చాక. చేతిలో రిమోట్ ఊపుతూ టెన్నిస్, బౌలింగ్ ఆడే ఆ కన్సోల్ పది కోట్లకు పైగా అమ్ముడైంది. అంతవరకు కంట్రోలర్ ముట్టనివాళ్లు కూడా ఆటలోకి వచ్చారు. అమ్మేవాళ్లకు ఈ కొత్త కొనుగోలుదారులను పిలవడానికి ఒక పేరు కావాలి, పాతవాళ్లకు తాము వేరని చెప్పుకోవడానికి ఒక పేరు కావాలి. అలా మార్కెటింగ్ మాట కాస్తా మనిషి మీద ముద్ర అయింది. దాని తర్వాతి కన్సోల్‌గా 2012లో వచ్చిన వీ యూ కోటీ ముప్పై అయిదు లక్షల దగ్గరే ఆగిపోయింది. అప్పటికి స్మార్ట్‌ఫోన్లు చేతికొచ్చాయి, ఆ కొత్త ఆటగాళ్లలో చాలామంది అటు వెళ్లారు. ఫోన్ ఆట అంటే క్యాజువల్ అన్న ముద్ర గట్టిపడింది కూడా ఆ కాలంలోనే.

అసలు చిక్కేమిటంటే, ఈ ఒక్క మాటలో నాలుగు వేరువేరు కొలతలు ఇరుక్కున్నాయి: ఎంతసేపు ఆడతారు, ఎంత బాగా ఆడతారు, ఆట గురించి ఎంత లోతుగా తెలుసుకుంటారు, ఓడినప్పుడు ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెడతారు. ఇవి ఒకదాని వెంట ఒకటి రావు. రోజూ ఆడుతూ ఒక్క చిట్కా కూడా నేర్చుకోనివారు ఉంటారు. నెలకోసారి ఆడినా ప్రతి ఆయుధం లెక్కా కంఠతా చెప్పేవారూ ఉంటారు. సమయం కొలతలో మీ మరిది కంటే మీరే ముందున్నారు. మిగతా మూడూ మీరిద్దరూ కూర్చుని ఆడితేనే తేలుతాయి.

టెట్రిస్‌నే తీసుకోండి: పైనుంచి పడే ముక్కలను ఖాళీల్లేకుండా వరసలుగా పేర్చే ఆట. నియమాలు నిమిషంలో వస్తాయి, అందుకే దాన్ని తేలికపాటి ఆటల వరసలో వేస్తారు. కానీ 1989 నాటి నింటెండో కన్సోల్ టెట్రిస్‌లో లెవెల్ 29 చూడండి. ముక్క సెకనులో అరవయ్యో వంతుకు ఒక్కో వరస దిగుతుంది. వరసలు 20, అంటే పైనుంచి నేలకు సెకనులో మూడో వంతు. బాణం బటన్ నొక్కిపట్టుకుంటే మొదటి కదలిక తర్వాత 16 ఫ్రేములు (ఫ్రేము అంటే తెర మీద సెకనులో అరవయ్యో వంతు నిలిచే ఒక బొమ్మ) ఆగి, ఆపైన 6 ఫ్రేములకు ఒక గడి చొప్పున కదులుతుంది. అంచుకు చేరేలోపే ముక్క కింద పడిపోతుంది. అందుకే ఆటకు అక్కడితో ముగింపని చాలా ఏళ్లు అనుకున్నారు.

ఆ గోడకు చాలా అవతలికి తీసుకెళ్లిన పద్ధతిని రోలింగ్ అంటారు. ఒక చేతి బొటనవేలిని బాణం బటన్ మీద ఊరికే ఆనించి ఉంచాలి. రెండో చేతి వేళ్లతో కంట్రోలర్ వెనక వైపు వరసగా తట్టాలి. ఒక్కో దెబ్బకు కంట్రోలరే ముందుకు జరిగి, బటన్ బొటనవేలికి తగిలి నొక్కుకుంటుంది. ఇలా ఆడుతూ 2023 డిసెంబరులో ఒక పదమూడేళ్ల అబ్బాయి లెవెల్ 157 దాకా వెళ్లి, ప్రోగ్రామే స్తంభించిపోయే చోటికి చేరాడు. ఇంతటి సాధన ఉన్న ఆటను క్యాజువల్ అనడం మాకు ఏమాత్రం సమ్మతం కాదు. మీ మరిదికి ఆ లెవెల్ 29 ఒకసారి చూపించండి.

ప్రశ్న: రోజుకు అరగంటే దొరుకుతుంది. అందుకని క్యాజువల్ ఆటలే ఆడాలా?

జవాబు: అక్కర్లేదు. మీరు చూడాల్సింది ఆట కష్టమా తేలికా అని కాదు, మధ్యలో ఆపనిస్తుందా లేదా అని. కొనేముందు మూడు సంగతులు కనుక్కోండి: పాజ్ ఉందా, ఎక్కడ పడితే అక్కడ సేవ్ అవుతుందా, మధ్యలో వెళ్లిపోతే ఇతరులకు నష్టమా.

స్టార్డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆటలో ఒక రోజు మన గడియారంలో దాదాపు 14 నిమిషాలు. అరగంటలో రెండు రోజులు గడుస్తాయి. అయితే పాత్ర పడుకున్నప్పుడే సేవ్ అవుతుంది. మధ్యాహ్నం వేళ ఆపేస్తే ఆ రోజు పని మొత్తం పోతుంది. ఒక్కరే ఆడుతున్నప్పుడు మెనూ తెరిస్తే కాలం ఆగుతుంది కాబట్టి, ఎవరైనా పిలిస్తే మెనూ తెరిచి లేవండి.

ఎల్డెన్ రింగ్ కష్టమైన ఆటగా పేరు మోసింది, మామూలు పాజ్ కూడా లేదు. అయినా అరగంటవారికి బాగానే కుదురుతుంది. శత్రువులు లేనిచోట మెనూలోంచి ఆట ముగిస్తే మళ్లీ వచ్చినప్పుడు అక్కడే ఉంటారు. కన్సోల్ స్లీప్‌లో పెట్టి వెళ్లడం కూడా మంచి మార్గమే. కానీ ఆన్‌లైన్ కనెక్షన్ తెగుతుందని మరచిపోవద్దు.

జట్టు ఆటల్లో జాగ్రత్త. రాకెట్ లీగ్ మ్యాచ్ గడియారం 5 నిమిషాలే, గోల్స్ సమమైతే మాత్రం ఒక గోల్ పడేదాకా సాగుతుంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఒక మ్యాచ్ అరగంట దాటడం మామూలే. మధ్యలో వదిలేస్తే శిక్ష పడుతుంది, మిగతా నలుగురి ఆటా చెడుతుంది. మీకున్నది అరగంటే అయితే ఇది మొదలుపెట్టకపోవడమే మేలు.

ఒక్క మాట. క్యాజువల్ అని పేరున్నవే కొన్నిసార్లు రోజంతా లాగుతాయి. 2009లో వచ్చిన ఫార్మ్‌విల్‌లో పంటను సమయానికి కోయకపోతే వాడిపోయేది. ఆట తేలికే, కానీ వేళకు రమ్మని పిలిచేది. క్యాండీ క్రష్‌లో 5 ప్రాణాలు, పోయినవి అరగంటకొకటి చొప్పున వస్తాయి. అన్నీ నిండడానికి రెండున్నర గంటలు. మీ చేతిలో ఉన్నది అరగంటే కాబట్టి, నోటిఫికేషన్లు ఆపేసి మీకు కుదిరిన వేళకు ఆడండి.

ప్రశ్న: ఈజీ మోడ్‌లో ఆట పూర్తిచేస్తే దాన్ని పూర్తిచేసినట్టు లెక్కలోకి తీసుకోవచ్చా? మా స్నేహితులు ఒప్పుకోవడం లేదు.

జవాబు: తీసుకోవచ్చు. పోటీలోనో, రికార్డుల పట్టికలోనో మాత్రం ఏ స్థాయిలో ఆడారో చెప్పాలి. ఒంటరిగా ఆడుకునే ఆటలో ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

ఈ చిన్నచూపు ఆటలు తయారుచేసేవాళ్లే మొదలుపెట్టారు. 1992 నాటి వుల్ఫెన్‌స్టైన్ 3డీలో అన్నిటికంటే తేలిక స్థాయిని ఎంచుకుంటే హీరో మొహానికి పసిపిల్లల టోపీ, నోట్లో పాలపీక కనిపిస్తాయి. 2005లో వచ్చిన నింజా గైడెన్ బ్లాక్‌లో మొదట్లోనే పదేపదే చస్తే నింజా డాగ్ అనే తేలిక స్థాయిని ఇవ్వజూపుతారు, రిబ్బను కట్టి మరీ. సాయం అడిగినవాణ్ని ఇలా వెక్కిరించడం మంచి డిజైన్ కాదు. అదే 2005లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4 మీరు ఎలా ఆడుతున్నారో గమనించి, తడబడితే చెప్పకుండానే కాస్త సడలిస్తుంది. ఆ ఆటను తేలికని ఎవరూ తీసిపారేయలేదు.

2019లో సెకిరో అనే కత్తియుద్ధాల ఆట వచ్చినప్పుడు అందులో కష్టం స్థాయిలు లేవని పెద్ద వాదన నడిచింది. అందరూ ఒకే గోడను ఎక్కాలన్నది తయారీదారుల ఉద్దేశమైతే దాన్ని గౌరవించాలి, సరే. అయితే ఆ వాదనలో వేళ్లు సరిగా కదలనివారు, కంటిచూపు తక్కువవారు ఎక్కడున్నారని మా ప్రశ్న. వారు అడిగేది రాయితీ కాదు, ఆటలోకి దారి. 2020లో వచ్చిన లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో ఇలాంటివారి కోసం 60కి పైగా సెట్టింగులు పెట్టారు. ఎక్కువ కష్టం స్థాయిలో ఆడేవారికి దానివల్ల ఒక్క ఇటుక కూడా తగ్గలేదు.

సాయం తీసుకోవడానికీ ఒక వరస ఉంది. గది తర్వాత గది దూకుతూ దాటే 2018 నాటి ఆట సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ తెరిస్తే వేగం, అలుపు లేకపోవడం, గాలిలో దూకుళ్ల సంఖ్య, చావు లేకపోవడం అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ముందు వేగాన్ని 100 నుంచి 90 శాతానికి, చాలకపోతే 80కి తగ్గించండి. నొక్కాల్సిన బటన్లు అవే, వాటి క్రమమూ అదే కాబట్టి నేర్చుకున్నది వృథా పోదు. గది దాటాక మళ్లీ 100కు తెచ్చి అదే గదిని ప్రయత్నించండి. వేగం తగ్గించినా కుదరకపోతేనే దూకుళ్లు పెంచండి. చావు లేకుండా చేసే సెట్టింగ్ చిట్టచివర. అది ముందే పెట్టుకుంటే ఎక్కడ పొరపాటు జరుగుతోందో మీకే తెలియదు, తీసేసిన మరుక్షణం మళ్లీ మొదటికొస్తారు.

మెనూలో ఈజీ లేని ఆటల్లో కూడా సాయం లోపలే దాగి ఉంటుంది. ఎల్డెన్ రింగ్‌లో మొదటి పెద్ద బాస్ (దారికి అడ్డుగా నిలిచే బలమైన శత్రువు) మార్గిట్ దగ్గర చాలామంది ఆగిపోతారు. పదిసార్లు ఓడితే అక్కడే తల బాదుకోకండి. దక్షిణాన ఉన్న వీపింగ్ పెనిన్సులా తిరిగి రండి, విగర్‌ను (పాత్ర ప్రాణశక్తిని నిర్ణయించే అంకె) 20 దాకా పెంచండి, చర్చ్ ఆఫ్ ఎలే దగ్గరున్న బల్ల మీద ఆయుధాన్ని +3 చేయండి, పిలిస్తే వచ్చే ఆత్మలను వాడండి. ఒంటి మీద బరువు 70 శాతం లోపు ఉందో లేదో కూడా చూసుకోండి. అది దాటితే దొర్లడం మందగిస్తుంది, తప్పించుకున్నాననుకున్న దెబ్బ తగులుతుంది. కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో మొదటిది బరువైన కవచం తొడుక్కోవడమే.

ప్రశ్న: శత్రువు దెబ్బను సరైన క్షణంలో అడ్డుకోవడం నాకు ఎంతకీ రావడం లేదు. నువ్వు క్యాజువల్, ఇది నీ వల్ల కాదంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ మాట నమ్మేముందు మీ టీవీని పరీక్షించండి. మా దృష్టిలో ఈ తరహా ఫిర్యాదుల్లో తరచూ అనుమానించాల్సింది తెరనే.

టీవీలు బొమ్మను మెరుగుపరచడానికి ప్రతి ఫ్రేమును కాసేపు ఆపి చూపిస్తాయి. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. టీవీ 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే మీరు ఆరు ఫ్రేముల వెనకటి దృశ్యం చూసి బటన్ నొక్కుతున్నట్టు. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి, కదలికలను నునుపు చేసే సెట్టింగ్ ఆపండి. చాలా టీవీల్లో గేమ్ మోడ్ ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడిగా ఉంటుంది. ఒకటో పోర్టుకు ఆన్ చేసి, కన్సోల్ రెండోదానికి తగిలించినవాళ్లు బోలెడుమంది. ఆట సెట్టింగ్స్‌లో క్వాలిటీ, పర్ఫార్మెన్స్ అని రెండుంటే పర్ఫార్మెన్స్ (బొమ్మ అందం కంటే వేగానికి ప్రాధాన్యం ఇచ్చేది) పెట్టుకోండి.

కొలిచి చూడాలంటే ఫోన్ కెమెరాను సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి, బటన్, తెర రెండూ కనిపించేలా తీయండి. బటన్ నొక్కిన ఫ్రేము నుంచి తెర మీద పాత్ర కదిలే ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. అయిదారుసార్లు తీసి సగటు కట్టండి. 36 ఫ్రేములు దాటితే, అంటే 150 మిల్లీసెకన్లు మించితే, సెట్టింగ్స్‌లో ఏదో మిగిలిపోయింది. పాటలకు తగ్గట్టు నొక్కే ఆటల్లో బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వాడకండి, వాటి శబ్దం వెనకబడుతుంది.

తెర బాగానే ఉంటే ఇక అలవాటు చూడాలి. కంగారుపడి బటన్‌ను టకటకా నొక్కేయడం అసలు పొరపాటు. సెకిరోలో అలా నొక్కినకొద్దీ సరైన క్షణం ఇంకా కుదించుకుపోతుంది. ఒక్కసారే నొక్కండి, ఆయుధం పైకి లేచినప్పుడు కాదు, మీ మీదికి దిగుతున్నప్పుడు.

ప్రశ్న: మా ఆన్‌లైన్ జట్టులోకి కొత్తవాళ్లను పిలవాలి. క్యాజువల్ జట్టు అని ప్రకటిస్తే వచ్చినవాళ్లతో రోజూ పేచీలే.

జవాబు: ఆ మాటకు ఒక్కొక్కరూ ఒక్కో అర్థం చెప్పుకుంటున్నారు, పేచీ అందుకే. ప్రకటనలోంచి దాన్ని తీసేసి వారానికి ఎన్ని రోజులు, ఏ వేళ నుంచి ఏ వేళకు, రాలేకపోతే ఎంత ముందు చెప్పాలి, మైక్ తప్పనిసరా, ఒకే బాస్ దగ్గర ఎన్నిసార్లు ఓడాక ఆపేస్తారు, దొరికిన సామాను ఎలా పంచుతారు అన్నవి రాయండి. ఉదాహరణకు: ‘వారానికి రెండు రాత్రులు, 8 నుంచి 10:30 వరకు, మైక్ వినగలిగితే చాలు, రాకపోతే మధ్యాహ్నంలోగా చెప్పాలి.’ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో వచ్చినప్పుడు పెద్ద రెయిడ్లకు (జట్టుగా బాస్‌ల మీదికి వెళ్లే దాడులకు) 40 మంది కావాల్సి వచ్చేది. అంతమందిని ఒకే వేళకు కూర్చోబెట్టగలగడమే అప్పట్లో హార్డ్‌కోర్ జట్ల అసలు బలం. 2011 చివర్లో అపరిచితులను కలిపి రెయిడ్‌కు పంపే రెయిడ్ ఫైండర్ వచ్చాక జట్టు లేనివాళ్లు కూడా ఆ కథ చూడగలిగారు. చాలామందికి అడ్డుగా ఉన్నది చేతకానితనం కాదు, గడియారం.

ప్రశ్న: మా అబ్బాయి సెలవుల్లో రోజూ అయిదారు గంటలు ఆడుతున్నాడు. హార్డ్‌కోర్ అంటే వ్యసనమేనా?

జవాబు: కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన గేమింగ్ డిజార్డర్ నిర్వచనంలో గంటల లెక్కే లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం చూస్తారు. అదీ సాధారణంగా 12 నెలలపాటు కొనసాగితే. నిద్ర, చదువు, తిండి, స్నేహాలు ఎలా ఉన్నాయో గమనించండి. అవి దెబ్బతింటుంటే 12 నెలలు ఆగకుండా వైద్యుణ్ని కలవండి.

ప్రశ్న: ఆట మెనూలోనే హార్డ్‌కోర్ అని కనిపిస్తోంది. నొక్కవచ్చా?

జవాబు: అక్కడ దాని అర్థం వేరు, స్పష్టం కూడా: ఒక్కటే ప్రాణం. 2000లో వచ్చిన డయాబ్లో 2లో హార్డ్‌కోర్ పాత్ర చస్తే ఇక దానితో ఆడలేరు. మైన్‌క్రాఫ్ట్‌లో చస్తే ఆ ప్రపంచాన్ని చూస్తూ తిరగగలరు గానీ బతికి ఆడలేరు. కష్టం స్థాయి కూడా హార్డ్ దగ్గరే బిగిసిపోతుంది. మొదలుపెట్టేముందు ఇంటర్నెట్, కంట్రోలర్ బ్యాటరీ చూసుకోండి. కనెక్షన్ తెగినా పాత్ర శత్రువుల మధ్యే నిలబడి ఉండవచ్చు, చావుకు కారణం ఏదైనా ఆట మినహాయింపు ఇవ్వదు. మామూలు మోడ్‌లో ఒకసారి చివరిదాకా ఆడాకే దాని జోలికి వెళ్లండి.