డబ్బు తీసుకుని తీసిన పోర్ట్రెయిట్ మీద హక్కు ఎవరిది?

ప్రశ్న: నేను 12 ఏళ్లుగా సొంతంగా పోర్ట్రెయిట్ ఫోటోలు తీస్తున్నాను. ఎక్కడా ఉద్యోగం కాదు, సిటింగ్‌కి ఇంత అని మాట్లాడుకుంటాను. రెండేళ్ల కిందట ఒక నాట్య కళాకారిణి తన ప్రొఫైల్ కోసం ఫోటోలు తీయించుకున్నారు. ఫీజు, ఫోటోల సంఖ్య ఫోన్‌లోనే మాట్లాడుకున్నాం, కాగితం ఏదీ రాసుకోలేదు. ఒప్పుకున్న 10 ఫోటోలు రీటచ్ చేసి ఇచ్చాను, డబ్బు మొత్తం ముట్టింది. ఇప్పుడు అందులో ఒకటి ఒక కంపెనీ ప్రకటనలో కనిపించింది. నా పేరు లేదు. ముఖం రంగు బాగా తెల్లబరిచారు, ఒక చెంప మీద నేను కోరి పెట్టిన నీడ మొత్తం చెరిపేశారు. అడిగితే "డబ్బిచ్చాను, ఫోటో నాది" అన్నారు. ఆ రోజే సిటింగ్ అయ్యాక ఆమె మేకప్ తుడుచుకుంటుంటే, కిటికీ వెలుగు ముఖం మీద పడి బాగుందని నేనే అడిగి ఇంకో ఫోటో తీశాను. అది నా వెబ్‌సైట్‌లో ఉంది. దాన్ని తీసేయాలని, రా ఫైళ్లన్నీ (కెమెరాలో పడ్డ అసలు ఫైళ్లు) అప్పగించాలని ఇప్పుడు లాయర్ నోటీసు వచ్చింది. తీసింది నేనే కదా, నాకు హక్కు లేదా?

జవాబు: మీకు బాధ కలిగించే మాటే ముందు చెప్పాలి. సిటింగ్‌లో తీసి ఇచ్చిన ఆ 10 ఫోటోల మీద కాపీరైట్ ఆమెదే. అంతమాత్రాన మీకేమీ మిగల్లేదని కాదు. కానీ ఈ సంగతి ఒప్పుకోకుండా మొదలుపెడితే, మిగిలిన హక్కుల కోసం కొట్లాడేటప్పుడు తప్పటడుగు పడుతుంది.

మన కాపీరైట్ చట్టం, 1957లో 'కర్త' వేరు, 'మొదటి హక్కుదారు' వేరు. ఫోటోకి కర్త దాన్ని తీసిన వ్యక్తేనని సెక్షన్ 2(డి) చెబుతుంది. కాబట్టి కర్త మీరే, అందులో వివాదం లేదు. మామూలుగా కర్తే మొదటి హక్కుదారు కూడా అవుతాడు, అది సెక్షన్ 17. అయితే అదే సెక్షన్‌లో (బి) అని ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా కోరి, ప్రతిఫలం ఇచ్చి ఫోటో తీయించుకుంటే, అందుకు భిన్నంగా ఒప్పందం ఏదీ లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. మీ దగ్గర ఒప్పందం లేదు. అక్కడే ఆ 10 ఫోటోలు చేజారాయి.

ఇది నాకు న్యాయంగా అనిపించదు. విడిగా పనిచేసే రచయితకు డబ్బిచ్చి వ్యాసం రాయించుకున్నా ఈ క్లాజు వర్తించదు. ఫోటోగ్రాఫర్లు, చిత్రకారుల వంటి కొందరికే ఇది తగులుతుంది. ఈ నియమం 1911 నాటి బ్రిటిష్ చట్టం నుంచి మనకు వచ్చింది. బ్రిటన్ 1988 చట్టంతో దీన్ని వదిలేసింది, కెనడా 2012లో తీసేసింది. మన దగ్గర మాత్రం ఇంకా అమల్లో ఉంది. చట్టం మారేదాకా మీరు రాసుకునే కాగితమే మీకు దిక్కు. దాని సంగతి కిందికి వస్తాను.

ఇప్పుడు ప్రకటన విషయం. ఫోటో ఆమెది కాబట్టి కంపెనీకి ఇచ్చే హక్కు ఆమెకుంది. దయచేసి ఆ కంపెనీకి "కాపీరైట్ ఉల్లంఘించారు, కేసు వేస్తాను" అని నోటీసు పంపకండి. ఆధారం లేకుండా అలా బెదిరిస్తే సెక్షన్ 60 కింద వాళ్లే మీ మీద దావా వేసి నష్టపరిహారం అడగవచ్చు. కోపంలో పంపిన ఒక్క ఈమెయిల్‌తో బాధితుడు కాస్తా ప్రతివాది అయిన సందర్భాలు నేను చూశాను.

మీరు పట్టుకోవలసింది సెక్షన్ 57. కాపీరైట్ ఎవరి చేతిలో ఉన్నా, కర్తకు రెండు హక్కులు మిగులుతాయి. ఒకటి, ఆ కృతి తనదని చెప్పుకునే హక్కు. రెండు, తన పరువు ప్రతిష్ఠలకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే ఆపించే హక్కు, నష్టపరిహారం కోరే హక్కు. దిల్లీలోని విజ్ఞాన్ భవన్ గోడ మీద శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. ఆ శిల్పం ప్రభుత్వానిదే. అయినా 2005లో దిల్లీ హైకోర్టు ఈ సెక్షన్ కిందే శిల్పి పక్షాన తీర్పు చెప్పింది. సొంతదారుకి కూడా కర్త హక్కు అడ్డు నిలుస్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మీ రెండు ఫిర్యాదుల్లో పేరు వేయలేదన్నది బలమైనది. రంగు మార్చారన్నది మీరు నిరూపించుకోవాలి. పక్కలు కత్తిరించడం, సైజు మార్చడం లాంటివి చెబితే కోర్టు పెద్దగా పట్టించుకోకపోవచ్చు. కానీ సగం ముఖం నీడలో ఉండేలా ఒకే లైటుతో తీయడం మీ పద్ధతి అయితే, ఆ నీడే మీ చేతి గుర్తు. మీరిచ్చిన ఫైలునీ, ప్రకటననీ ఒకే సైజులో ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టండి. ఇదే పద్ధతిలో మీరు తీసిన పాత పోర్ట్రెయిట్లు ఐదారు వాటితో జత చేయండి. "ఈ ప్రకటన చూసి, ఇంత చప్పగా తీశారేమిటని అనుకున్నాను" అని మీ పాత క్లయింట్ ఎవరైనా చెప్పగలిగితే అది పది వాదనల పెట్టు. ప్రకటన ఎక్కడ, ఏ తేదీన కనిపించిందో ఫోటో తీసి రాసిపెట్టుకోండి. నష్టపరిహారం దావాకి కాలపరిమితి మూడేళ్లు.

ఇక కిటికీ దగ్గర తీసిన ఫోటో. నోటీసులో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఇదే. అది ఆమె కోరి తీయించుకున్నది కాదు, మీరు అడిగి తీసుకున్నది. కాబట్టి సెక్షన్ 17(బి) దీనికి వర్తించదని, కాపీరైట్ మీదేనని వాదించవచ్చు. ఆమె తరఫు వకీలు మాత్రం అదంతా ఒకే సిటింగ్ అంటారు. అందుకే రా ఫైలు తెరిచి, తీసిన గంట, నిమిషం చూడండి. సిటింగ్‌లోని చివరి ఫోటోకీ దీనికీ మధ్య విరామం ఉందా? లైట్లు ఆర్పేశాక తీసినట్టు ఫోటోలోనే తెలుస్తోందా? అన్నిటికంటే ముఖ్యం, సెలెక్షన్ కోసం మీరు ఆమెకు పంపిన ఫోటోల్లో ఇది కూడా ఉందా? ఉంటే ఇది సిటింగ్‌లో భాగమేనన్న వాదనకు మీరే బలం ఇచ్చినట్టవుతుంది.

కాపీరైట్ మీదేనని తేలినా, ముఖం ఆమెది. 1888లో ఇంగ్లండ్‌లో పోలార్డ్ అనే ఆమె డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోని, ఆ ఫోటో దుకాణం క్రిస్మస్ కార్డుగా తయారుచేసి, దారిన పోయేవారికి కనిపించేలా తన అద్దాల కిటికీలో పెట్టింది. నెగెటివ్ దుకాణం దగ్గర ఉన్నంతమాత్రాన అలా వాడుకోవడం కుదరదని కోర్టు ఆపేసింది. మన సుప్రీంకోర్టు కూడా ఆర్. రాజగోపాల్ కేసులో, 1994లో, ఒక వ్యక్తి పేరుని గానీ రూపాన్ని గానీ అనుమతి లేకుండా ప్రకటనలకో మరో పనికో వాడడం గోప్యతకు భంగమేనంది. 2017లో పుట్టస్వామి తీర్పుతో గోప్యత ప్రాథమిక హక్కుగా స్థిరపడింది. ఆమె వేదిక మీద అందరికీ కనిపించే మనిషే. కానీ మేకప్ తుడుచుకుంటున్న క్షణం వేదిక కాదు. తీసుకోమని తలూపడం వేరు, లోకానికి చూపమనడం వేరు. వెబ్‌సైట్‌లో పెట్టడానికి ఆమె ఒప్పుకున్నట్టు మెసేజ్ ఏదైనా ఉందేమో వెతకండి. లేకపోతే ఇవాళే ఆ ఫోటో దించేయండి. కాపీరైట్ వదులుకోవడం లేదని జవాబులో ఒక వాక్యం రాస్తే చాలు. ఆ ఫోటో మీకు ఎంత ఇష్టమో మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. అయినా ఎదుటి మనిషి తన ముఖం చూపొద్దంటున్నప్పుడు పట్టుబట్టి ఉంచమని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

రా ఫైళ్ల గురించి ఎక్కువ కంగారు పడనక్కర్లేదు. బేరం 10 ఫోటోలకు కుదిరింది, 10 ఇచ్చారు. ఫోటో మీద కాపీరైట్ ఉండడమూ, మీ హార్డ్ డిస్క్‌లోని ప్రతి ఫైలూ అడిగి తీసుకోవడమూ ఒకటి కాదు. మాట్లాడుకోనిది ఇవ్వాల్సిన పని లేదన్నదే నా అభిప్రాయం. ఈ తగవు తేలేదాకా వాటిలో ఒక్కటి కూడా చెరపకండి, మీ సాక్ష్యం అందులోనే ఉంది.

ఇకపై ఏ సిటింగ్ అయినా అడ్వాన్స్ తీసుకునేముందు ఈ నాలుగు మాటలు క్లయింట్‌కి పంపండి: "ఈ సిటింగ్‌లోనూ, ఆ రోజు దానికి ముందూ వెనకా తీసిన ఫోటోలన్నిటికీ మొదటి కాపీరైట్ హక్కుదారు ఫోటోగ్రాఫరే. క్లయింట్ తన సొంత ప్రచారానికి ఫోటోగ్రాఫర్ పేరు వేసి వాడుకోవచ్చు. వేరే సంస్థ ప్రకటనకు ఇవ్వాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి, విడి ఫీజు ఉంటాయి. రా ఫైళ్లు ఇవ్వడం ఉండదు. క్లయింట్ టిక్ పెట్టిన ఫోటోలనే ఫోటోగ్రాఫర్ తన పోర్ట్‌ఫోలియోలో చూపుతారు." సంతకం ఉంటే మరీ మంచిది. మెసేజ్‌లో "సరే" అని బదులొచ్చినా ఒప్పందానికి రుజువే. ఫోటో మూల వాటర్‌మార్క్ వేయడం, పని అయ్యాక బిల్లు అడుగున "కాపీరైట్ మాది" అని అచ్చువేయడం దీనికి సాటిరావు, ఎందుకంటే అప్పటికే హక్కు అవతలివారికి వెళ్లిపోయి ఉంటుంది. వెళ్లిన హక్కు వెనక్కి రావాలంటే సెక్షన్ 19 ప్రకారం వారి సంతకంతో బదిలీ పత్రం కావాలి. అందులో కాలం రాయకపోతే అయిదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది. ఆమెతో రాజీ కుదిరితే ఈ రెండూ రాయించుకోవడం మరవకండి.

రాజీ కుదిరే అవకాశం ఉందనే నా నమ్మకం. కిటికీ ఫోటో మీరు దించుతారు, ప్రకటనలో మీ పేరు వేయించి పాత రంగు పెట్టించడానికి ఆమె కంపెనీతో మాట్లాడతారు. నోటీసుకి జవాబు ఈ ధోరణిలోనే, ఒక వకీలు చేత రాయించి, గడువులోపు స్పీడ్ పోస్టులో పంపండి. నోటీసు ఏ తేదీన అందిందో మీరు రాయలేదు. అది వచ్చిన కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది, దాన్ని పారేయకండి.